వేళ్లతో సహా

నా చిన్నప్పుడు మా లంకలో గోదావరి ఏటా ఒకసారి పెరళ్లలోకి వచ్చి వెళ్లేది. శ్రావణంలో ఎర్రనీళ్లు గుమ్మం మెట్లు తాకి, మూడు నాలుగు రోజులుండి దిగిపోయేవి. పెద్దవాళ్లకు అది అలవాటే. బియ్యం అటక మీదకి, పశువుల్ని ఏటిగట్టు మీదకి చేర్చి కూర్చునేవారు. మా పెరటి చివర, ఏటి ఒడ్డు పొడవునా వట్టివేరు గడ్డి ఉండేది. నేను పుట్టకముందే మా తాతయ్య నాటిన దుబ్బులవి. ముతకగా, నడుమెత్తున పెరిగేవి. ఆ వరస మా హద్దు దాటి పక్కింటి అక్క వంటపాక వెనక దాకా సాగేది. అక్క ఆలమూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కోడలు. ఆమెకు లంక సంగతులు ఇంకా తెలియవు.

అప్పుడు నాకు పదకొండేళ్లు. పడవ మీద రేవు దాటి గ్రంథాలయానికి వెళ్లడం కొత్తగా మరిగాను. ఆ వేసవిలో అక్కడ తోటల పెంపకం మీద రంగుబొమ్మల పుస్తకం దొరికింది. పూలమడులు ఎలా తీర్చాలో, ముతక గడ్డిని వేళ్లతో సహా ఎలా తీసెయ్యాలో వివరంగా ఉంది. మూడుసార్లు చదివాను. మా ఊళ్లో ఆ పుస్తకం చదివింది నేనొక్కదాన్నే కాబట్టి, తోటల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మాను.

తాతయ్య వేసవంతా రాజోలులో మా మేనత్త ఇంట్లో ఉన్నారు. అదే అదను. అక్క వంటపాక వెనక ఎండ బాగా తగులుతుందని ఆ చోటు ఎంచుకున్నాను. గడ్డి తీసేస్తానంటే అక్కకీ సంతోషమే. "తీసెయ్యవే తల్లీ, అటెళ్తే చాలు కాళ్లు గీరుకుపోతన్నాయి" అంది. రోజుకో దుబ్బు చొప్పున గునపంతో తవ్వాను. ఆమె తన పనుల్లో ఉండి, నేనెంత లోతు తవ్వుతున్నానో చూడలేదు. పుస్తకంలో రాసినట్టే చివరి వేరు దాకా లాగి, ఆ చోట బంతి, జీనియా నాటాను. ఆషాఢం వచ్చేసరికి అవి విరగబూశాయి. వచ్చేపోయే వాళ్లందరికీ చూపించుకున్నాను.

వరద మొదలవుతుండగా తాతయ్య తిరిగొచ్చారు. వచ్చీరాగానే మెట్ల దగ్గర ఒక కర్ర పాతి, నీరు ఎక్కినప్పుడల్లా దాని మీద కత్తితో గాటు పెడుతూ వచ్చారు. ఆ ఏడు నీళ్లు అరుగు మీదకి ఎక్కేశాయి. మూడో రోజు పొద్దున్న చూస్తే కర్ర మీద చివరి గాటు బెత్తెడు పైకి తేలి ఉంది. గోదారి తీసింది, నీరు తగ్గుతోందని వీధి వీధంతా కేకలు. నేనూ గెంతాను. తాతయ్య ముఖం మాత్రం అప్పుడే బిగుసుకుంది. నీళ్లు నిండుగా ఉన్నంతసేపూ ఒడ్డుకు ఆనుకుని దాన్ని నిలబెడతాయనీ, నీరు గబగబా తగ్గినప్పుడే నానిన ఒడ్డు జారిపోతుందనీ చెప్పారు. సాయంత్రానికి నీళ్లు పెరడు దిగిపోగానే, మోకాలి లోతు బురదలో ఒడ్డు చూడ్డానికి బయలుదేరారు. నేను వెనకే నడిచాను.

మా వైపు దుబ్బులు బురద పూసుకుని, ఉన్నచోటే ఉన్నాయి. అక్క వంటపాక వెనకకి వచ్చేసరికి తాతయ్య ఆగిపోయారు. నా పూలమడి ఆనవాలు కూడా లేదు. నేల మీద, పాక గోడకి రెండడుగుల దూరంలో, వేలు దూరేంత బీట కనబడింది. పెరట్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఆ పాకే. అందుకని అక్కవాళ్లు, లేవలేని అత్తగారిని మంచంతో సహా అందులోనే పడుకోబెట్టారు.

"ఇక్కడి దుబ్బులేవి?" అన్నారు తాతయ్య.

పాక గుమ్మంలో ఉన్న అక్క నా ముఖం చూసింది. "నేనే తీయించేనండీ, తాతగారూ" అంది.

"కోయించేవా, తవ్వించేవా?"

అక్కకేం తెలుసు? ఒక్క క్షణం తడబడి, "కోయించేనండీ. పైపైనే" అంది.

"పైపైనేనా?"

"ఆయ్."

తాతయ్య గట్టిగా ఊపిరి వదిలారు. "అయితే పర్లేదులేమ్మా, వేళ్లుంటే ఆగుద్ది. మీ అత్తగారిని ఈ బురదలో కదపమాక" అని వెనక్కి తిరిగారు. అక్క నా వైపు చూసి, ఏం కాదులే అన్నట్టు నవ్వింది.

నిజం చెబితే దెబ్బలు తప్పవు. గ్రంథాలయానికి వెళ్లడం మానిపిస్తారేమోనన్న భయం దానికన్నా పెద్దది. చెప్పకపోతే అంతా సర్దుకుపోయినట్టే. తాతయ్య నాలుగడుగులు వేశారు. బీట అవతల నుంచి బురద పెళ్ల ఒకటి విడివడి నీళ్లలో పడిన చప్పుడైంది.

"వేళ్లతో సహా తవ్వేశాను తాతయ్యా! నేనే! ఒక్క వేరు కూడా ఉంచలేదు!"

ఆయన నన్ను తిట్టలేదు. నా వంక చూడనైనా లేదు. అక్క భర్తని కేకేసి పిలిచారు. వాళ్లిద్దరూ తలవైపు, అక్కా నేనూ కాళ్లవైపు పట్టుకుని మంచం లేపాం. "ఎక్కడికిరా మోసుకుపోతన్నారు? నేనింకా చావలేదురా! నా వక్కల డబ్బా అక్కడుండిపోయింది!" అని అత్తగారు దారి పొడుగునా తిడుతూనే ఉంది. మా అరుగు మీద దించాక, డబ్బా తెస్తానని అక్క వెనక్కి పరుగు తీయబోతే తాతయ్య ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. మా కళ్లముందే పాక వెనక నిట్టాడు స్తంభం పక్కకి ఒరిగింది. పెద్ద చప్పుడేమీ లేకుండా, పొయ్యితో, అటకతో సహా పాక ఏట్లోకి జారిపోయింది.

తాతయ్య అప్పుడు అక్క చెయ్యి వదిలి ఆమెతో, "దీనికి తిట్లు తప్పిద్దామనుకున్నావు. మనిషి పోయేదమ్మా" అన్నారు, నెమ్మదిగా. నాతో ఏమీ అనలేదు. ఆ రోజు నన్ను కొట్టి ఉంటే బాగుండేదని చాలా ఏళ్లు అనుకున్నాను.

వారం తర్వాత బురద ఆరాక, పుస్తకం తీసుకురమ్మని నన్నూ అక్కనూ ఒడ్డుకి పిలిచారు. ఆయనకి చదవడం రాదు. "అందులో తోటలోకి ఎర్రనీళ్లు వచ్చినట్టు ఎక్కడన్నా రాసేరేమో చూడవే" అన్నారు. పుటలన్నీ తిప్పాను. ఎక్కడా లేదు. అప్పుడు ఒడ్డంతా నడిపించి, ఏది బతికిందో నన్నే చూసి చెప్పమన్నారు. బంతి, జీనియా కుళ్లిపోయాయి. అరటి వాలిపోయింది. రెల్లు పడుకున్నట్టే పడుకుని అప్పటికే తల ఎత్తుతోంది. గరిక మట్టిలోంచి కొత్త మొనలు పెట్టింది. మెట్టతామర దుంపలు చిగురేశాయి. బావి ఒర రాళ్ల సందులో ఈకల్లాంటి ఆకులున్న మొక్క ఒకటి, నీళ్లలో మునిగినట్టే లేదు. దాన్ని ఫెర్న్ అంటారని తర్వాత నేను గ్రంథాలయంలోనే తెలుసుకున్నాను. మా దుబ్బుల్లోంచి పిలకలు చీల్చి, తెగిన ఒడ్డు పొడవునా ముగ్గురం నాటాం. అక్క పూలు కావాలంది కాబట్టి వాటి వెనక మెట్టతామర పెట్టాం. నేను భయపడినట్టు ఆయన గ్రంథాలయం మాన్పించలేదు. పుస్తకం తిరిగి ఇవ్వడానికి పడవెక్కుతుంటే, "ఈసారి వరదున్న పుస్తకం తే" అన్నారు.

నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఆ సంగతి గొప్పగానే చెప్పుకుంటాను. ఏటి ఒడ్డున, చెరువు గట్ల మీద ఏ మొక్కలు వెయ్యాలో అడగడానికి ఇప్పుడు నాకు ఫోన్లు చేస్తారు. మొన్న పి.గన్నవరం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, మా గట్టుకి ఏ గడ్డి ఆగుతుందండీ అని అడిగింది. పుస్తకాల్లోవి నాలుగు పేర్లు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ మట్టి నేను చూడలేదు. దాని కింద ఏ వేళ్లున్నాయో, అసలు ఉన్నాయో లేదో నాకు తెలియదు. "నాకు తెలియదమ్మా. రేపొచ్చి చూసి చెబుతాను" అన్నాను. డెబ్బై ఏళ్లు దాటినా, ఇన్ని పుస్తకాలు చదివినా, ఆ మొదటి మాట అనడం నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయినా అంటాను.