పొర లేని వైపు వినిపించిన మాట

దయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. డోన్‌లో మాది ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి. వైరు వదులైతే ఒక రకం శబ్దం వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ రేకు కదిలితే ఇంకో రకం. ప్రతి శబ్దానికీ ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్లుగా నా అనుభవం అదే. వెతికినా దొరకనిది ఒక్కటే ఉంది. ఎవరినో నమ్మించాలని కాదు, ఆ ఒక్కటీ ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలనిపించి రాస్తున్నాను.

అంగడి నాకు బతుకుదెరువు. పిచ్చి మాత్రం హెడ్‌ఫోన్ల మీద. అందరూ వాడేవి కావు, ఎలక్ట్రోస్టాటిక్ అనే రకం. మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. వీటిలో అవి ఉండవు. చిల్లులున్న రెండు లోహపు పలకల మధ్య, వెంట్రుక కంటే ఎంతో పలుచని ప్లాస్టిక్ పొర ఒకటి బిగించి ఉంటుంది. ఆ పొరకు ఐదు వందల వోల్టులకు పైనే పెట్టాలి. పాట వస్తున్నప్పుడు అటూ ఇటూ ఉన్న పలకలు ఆ పొరను లాగుతాయి. పొర కదిలితేనే శబ్దం. పొర లేకపోతే ఏమీ లేదు.

వీటిని మామూలు ఆంప్లిఫయర్ నడపలేదు. దానికని వేరేగా కట్టుకోవాలి. పాత హెడ్‌ఫోన్లు తెప్పించుకుని, వాటి పొరలు మార్చి, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో ఆంప్లిఫయర్లు కట్టడం నా పని. కడపలో ఉండే బషీర్‌కూ ఇదే పిచ్చి. మా స్నేహం అలా మొదలైందే. సెట్టు బాగా కుదిరితే, పాడే మనిషి చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. మా ఇద్దరికీ ఆ ఊపిరి కోసమే ఈ తిప్పలన్నీ.

ఈ పనికి శత్రువు దుమ్ము. పొర మీద ఒక్క రేణువు పడినా చిటపటలు మొదలవుతాయి. మా వైపు ఎండాకాలం గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు.

నేనూ నా భార్యా ఓబులమ్మ గారి ఇంట్లో వెనక భాగం అద్దెకు తీసుకున్నాము. ఆమె ముందు భాగంలో ఒక్కతే ఉంటుంది. మా వంటింటి వెనక పాత సామాన్ల గది ఒకటి వాడకుండా పడి ఉండేది. మందపాటి రాతి గోడలు, కింద బేతంచెర్ల బండలు, కిటికీ లేదు. దుమ్ము పనికి అంతకంటే మంచి గది దొరకదు. పైనున్న చిన్న వెంటిలేటర్‌ను సిమెంటుతో మూసేశాను. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ వేశాను. దాంతో లోపలి నుంచి తలుపును బలంగా నెడితేనే మూతపడేది.

ఓబులమ్మ వచ్చి చూసి నవ్వింది.

"ఏమప్పా, చీమ గూడా దూరకుండా మూస్తాండావే. నువ్వు యాడికెళ్లి ఊపిరి తీసుకుంటావు?"

"దుమ్ము రాకూడదు పెద్దమ్మా."

"సరే గానీ, ఆ మూల బండ మీద బరువులు పెట్టొద్దు. దాని కింద జొన్నల పాతర ఉండాది. మా మామ కాలంలోనే మూసేసినారు."

పాతర అంటే ధాన్యం దాచుకోవడానికి భూమిలో తవ్వే లోతైన గొయ్యి. పాత ఇళ్లలో ఉండేవి. నేను ఆ మూల ఖాళీగా వదిలేసి, ఇవతలి గోడకు బల్ల వేసుకున్నాను.

శబ్దం మొదట విన్నది కొత్త ఆంప్లిఫయర్ పరీక్షిస్తున్నప్పుడు. పాట ఏదీ పెట్టలేదు. ఖాళీగా ఉన్నప్పుడు హమ్, అంటే కరెంటు గుయ్‌మనే రొద, ఎంత ఉందో చూద్దామని చెవులకు పెట్టుకున్నాను. హమ్ లేదు. దాని బదులు ఊపిరి వినిపించింది. ఎవరో చాలా దూరం పరిగెత్తి వచ్చి, నోరు తెరిచి ఆయాసపడుతున్నట్టు. నా ఊపిరే అనుకుని కాసేపు బిగపట్టాను. అది ఆగలేదు.

లలితను పిలిచాను. నా భార్యకు ఈ సామాన్లంటే విసుగు. ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్ ఆమె తలకు పెట్టాను.

"ఎవురో ఆయాసపడతాండారు కదా," అంది. "ఏం పాట ఇది?"

"పాట పెట్టలేదు."

లలిత నా మొహం చూసింది. హెడ్‌ఫోన్ తీసి, బల్ల మీద మెల్లగా పెట్టింది.

"నాకొద్దు. మీరూ పెట్టుకోవాకండి," అని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గదిలోకి రాలేదు.

నేను పని మొదలుపెట్టాను. వాల్వులు మార్చాను. పొరలు మార్చాను. ఇంటి కరెంటు పూర్తిగా తీసేసి, అంగడి నుంచి తెచ్చిన బ్యాటరీ ఇన్వర్టర్ మీద నడిపాను. ఫోను వల్ల ఆంప్లిఫయర్‌లో రొద వస్తుందని దాన్ని ఎప్పుడూ ముందు గదిలోనే వదిలేసి వచ్చేవాణ్ణి కాబట్టి దాని తప్పు కాదు. అదే గదిలో మామూలు అయస్కాంతం హెడ్‌ఫోన్ పెట్టి చూస్తే ఏమీ లేదు. పొర ఉన్నదానిలోనే ఊపిరి.

చివరికి సెట్టంతా బషీర్‌కు పంపించాను. అతను రెండు మూడు రోజులు విని ఫోన్ చేశాడు.

"ఏం లేదప్పా దీంట్లో. శానా శుభ్రంగా ఉండాది. నీ రూములోనే ఏమో ఉండాది. స్టేషన్ దగ్గర కదా, గూడ్సు బండ్ల అదురు పొరకు తగుల్తాందేమో చూడు."

మాట సమంజసంగానే ఉంది. సెట్టు తిరిగి వచ్చాక బండ్లు పోయే వేళలూ, పోని వేళలూ చూశాను. ఊపిరికీ బండ్లకూ సంబంధం లేదు. గదిలో పెడితే ఉంది, వంటింట్లోకి తెస్తే లేదు. విసుగొచ్చి, పాట పెట్టుకుంటే వినబడదులే అని వదిలేశాను. అలవాటైతే దేనితోనైనా కాపురం చేయొచ్చు.

తర్వాత కొన్నాళ్లకు, మంచి ఎండాకాలంలో, లలిత తన చెల్లెలి కొడుకు పుట్టువెంట్రుకలకని బద్వేలు పోయింది. మధ్యాహ్నం అంగడి మూసి, భోంచేసి గదిలోకి వెళ్లాను. తలుపు ఎప్పటిలాగే బలంగా నెట్టి మూశాను. హెడ్‌ఫోన్‌లో ఎడమవైపు పొర పాడైంది. ఆ పక్క విప్పి పాత పొర తీసేశాను. కొత్త పొర చట్రం మీద సాగదీసి, జిగురు ఆరడానికి పెట్టాను. అంతలో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగిపోయింది. పొర మీద దుమ్ము చూసుకునే చిన్న టార్చి వెలిగించుకుని, బయటికి పోదామని తలుపు లాగాను.

రాలేదు.

తలుపు విసురుగా పడ్డప్పుడు బయటి గడియ దానంతట అది పడిపోయిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం రబ్బరు పట్టుకుందనుకున్నాను. గట్టిగా లాగాను. నేనే బిగించిన పిడి మేకులతో సహా చేతిలోకి వచ్చింది. అది లోపలికి తెరుచుకునే తలుపు. తన్నితే లాభం లేదు, లాగాలి. లాగడానికి పట్టు లేదు.

అరిచాను. ఓబులమ్మ ఇంట్లోనే ఉందనుకున్నాను. ఆమె చుట్టాల ఇంటికని ప్యాపిలి పోయిన సంగతి నాకు తెలియదు. ఫోను ముందు గదిలో ఉంది. బల్ల జరిపి, ఎక్కి, వెంటిలేటర్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. నా చేత్తో నేను పూసిన సిమెంటు. పొడి రాలి కళ్లలో పడింది తప్ప ముక్క ఊడలేదు.

అంత గదిలో గాలి ఇప్పట్లో అయిపోదని నాకు లెక్క తెలుసు. లెక్క తలలో ఉంటుంది, ఒళ్లు వినదు. చొక్కా విప్పేశాను. గోడలు వేడిగా ఉన్నాయి. టార్చి వెలుగు పసుపురంగుకు దిగుతోంది. కాసేపు నిలబడలేను, కాసేపు కూర్చోలేను. తలుపు సందు దగ్గర మూతి పెట్టి పీల్చాను. రబ్బరు వాసన తప్ప ఏమీ రాలేదు. ఒక్క సందు వదలకుండా ఎంత శ్రద్ధగా వేశానో ఆ పట్టీ.

అప్పుడు పాతర గుర్తొచ్చింది. కింద ఖాళీ. ఖాళీ ఉంటే చల్లగా ఉంటుంది, గాలి ఉంటుంది. ఇంత పెద్ద ఇంట్లో పాతరకు పెరట్లో కూడా ఒక నోరు ఉండి ఉంటుందని అనిపించింది. ఎందుకు అనిపించిందో తెలియదు గానీ, అనిపించాక అదే నిజమైపోయింది. అల్మారా కోసం తెచ్చిన ఇనుప పట్టీ తీసుకుని, మూల బండ అంచున సున్నం గోకేశాను. పట్టీ దూర్చి మీద బరువు వేస్తే బండ వేలెడంత లేచింది. కింది నుంచి ముక్కిన జొన్నల వాసన వచ్చింది. చల్లగా తగిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకొంచెం లేపితే దిగిపోవచ్చు.

సరిగ్గా అప్పుడే బల్ల మీది నుంచి ఊపిరి వినిపించింది.

హెడ్‌ఫోన్ అక్కడే పడి ఉంది. చెవికి పెట్టుకోకపోయినా వినిపిస్తోంది. పట్టీని బండ కిందే వదిలేసి వెళ్లి, హెడ్‌ఫోన్ తలకు పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానంటే చెప్పలేను. ఎడమ చెవిలోనే ఉంది శబ్దం. ఆయాసం మధ్యలో, చాలా దగ్గరగా, మాట వచ్చింది.

"ఎత్తొద్దప్పా. ఈడ గాలి లేదు."

మగమనిషో ఆడమనిషో తెలియలేదు. ముసలి గొంతో వయసు గొంతో కూడా తెలియలేదు. మా వైపు మనిషి మాట, అంతవరకు చెప్పగలను.

"ఎవరు?" అన్నాను.

ఊపిరి మాత్రమే వినిపించింది. నేను మళ్లీ ఆ బండ జోలికి పోలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. టార్చి ఆరిపోయింది. భయం ఉండాలి కదా అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ హెడ్‌ఫోన్ తీసి ఆ చీకట్లో ఒంటరిగా కూర్చోవాలంటే ఇంకా ఎక్కువ భయమేసింది. చాలాసేపటికి గమనించాను, చెవిలో ఆయాసం నెమ్మదించింది. దాంతో పాటు నాదీ నెమ్మదించింది. ఏది ముందు తగ్గిందో తెలియదు.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఎడమ చెవిలో మళ్లీ మాట వచ్చింది.

"వస్తాండారు. తలుపు తీస్తారు."

అప్పటికి బయట ఏ అలికిడీ లేదు. తర్వాత కొంతసేపటికి వీధి గేటు కిర్రుమంది. నేను గొంతు చించుకుని అరిచాను. అడుగులు వంటింట్లోకి వచ్చాయి. నేను లేవబోతుంటే చెవిలో చాలా మెల్లగా వినిపించింది.

"పోతాండావా?"

గడియ తీసిన చప్పుడైంది. వెలుతురు పడింది. నేను హెడ్‌ఫోన్ పీకి కింద పడేసి బయటికి ఉరికాను.

ఓబులమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి తల మీద నీళ్లు పోసింది. మజ్జిగ తాగించింది. తర్వాత గదిలోకి తొంగిచూసి, లేచిన బండ చూసి నిలబడిపోయింది.

"దీన్ని ఎందుకు కదిలిచ్చినావప్పా?"

"దిగుదామని పెద్దమ్మా. లోపల గాలి ఉంటుందని."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం లోపలికి వెళ్లి సామాన్లు చూశాను. ఆంప్లిఫయర్‌కు హెడ్‌ఫోన్ తగిలించి లేదు. ప్లగ్గు నేల మీద ఉంది. ఎడమ డబ్బా నేను విప్పిపెట్టినట్టే ఉంది, పలకలు మాత్రమే. పొర చట్రం మీద ఆరుతోంది. కరెంటు లేదు, తీగ తగిలించి లేదు, అసలు పొరే లేదు. అయినా నేను విన్నది ఆ పక్కనే.

మరుసటి రోజు ఓబులమ్మ ఇద్దరు కూలీలను పిలిపించి బండ పూర్తిగా తీయించింది. వాళ్లలో పెద్దాయన దీపం వెలిగించి తాడుకు కట్టి లోపలికి వదిలాడు. సగం లోతు కూడా పోకముందే దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించి వదిలాడు. మళ్లీ ఆరిపోయింది.

"చెడ్డ గాలి నిలిచిపోయుండాది," అన్నాడు. "దిగింటే అంతే. అరిచేదానికి గూడా టైముండదు."

పెరట్లో దానికి ఇంకో నోరు ఏదీ లేదు.

ఈ కథ ఎవరికి చెప్పినా వెంటనే అడిగేది ఒకటే, ఆ పాతరలో ఎవరు చనిపోయారని. నేనూ అదే అడిగాను. ఓబులమ్మ నా కళ్లలోకి చూసి చెప్పింది.

"మా ఇంట్లో పాతరలో ఎవురూ సావలేదు నాయనా. దేవుని మీద ఆన. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి నాకు తెల్సు. అంతకుముందు ఏమన్నా జరిగింటే మా అత్త చెప్పింటాది. అట్లాంటిది దాస్తే దాగేదా?"

ఆమె అత్తగారి వైపు ముసలాయన ఒకాయన ఆలూరు దగ్గర ఉంటే, ఆయననూ అడిగించింది. ఆయన కూడా లేదన్నాడు. గోతి అడుగున జొన్న పొట్టు తప్ప ఏమీ దొరకలేదు.

బషీర్ అంతా విని, వేడికి మెదడు చేసిన పని అన్నాడు. "పాతర గాలి సంగతి నువ్వు చిన్నప్పుడు యాడో ఇనింటావు. ప్రాణం మీదికొచ్చినప్పుడు అదే గుర్తొచ్చింటాది." కావచ్చు. నాకూ అదే నమ్మాలని ఉంది. కానీ గేటు చప్పుడుకు ముందే వస్తాండారని ఎట్లా తెలిసింది? అంతకు చాలా రోజుల ముందు, ఏ వేడీ లేని పూట, లలిత విన్నది ఏమిటి?

ఓబులమ్మ పాతరను ఎర్రమట్టితో పూడ్పించి, పైన బండ వేసి సిమెంటు పూయించింది. పూడుస్తున్నంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను. తర్వాత ఎడమవైపు కొత్త పొర వేసి, అదే ఆంప్లిఫయర్‌కు తగిలించి, అదే గదిలో తలుపు తెరిచిపెట్టుకుని విన్నాను. హమ్ లేదు, చిటపట లేదు, ఊపిరి లేదు. అంత శుభ్రమైన సెట్టు నేను మళ్లీ కట్టలేదు.

దాన్ని బషీర్‌కు ఇచ్చేశాను. నన్ను పోతాండావా అని అడిగిన వాళ్లు ఎవరో నాకు తెలియదు. ఆ మట్టి పోయించి మేము వాళ్లకు విడుదల ఇచ్చామో, ఉన్న ఒక్క సందూ మూసేశామో, అది కూడా నాకు ఈరోజుకీ తెలియదు.