వండూర్ వాటాలో మొసలి

ఇప్పటికీ ఎవరైనా 'వాటా' అంటే నా కళ్లు ఎక్కడానికి దగ్గర్లో చెట్టుందా అని వెతుకుతాయి. వయసులో ఉండగా నా అతితెలివి నన్ను మొసలి నోటిదాకా ఎలా తీసుకెళ్లిందో వినండి.

మా దీవిలో సముద్రపు ఒడ్డున వండూర్ ఊళ్లో తాతయ్య వదిలిన భూమి రెండు ముక్కలు. రోడ్డు పక్కన చెరువుతో సహా బంగారంలాంటి కొబ్బరితోట, సముద్రపుపాయ పక్కన ఉప్పునీరెక్కే పల్లంలో వక్కతోట. నాన్న పోయారు కాబట్టి ఆయన వాటా నాది, రెండోది బాబాయిది. అయితే మా ఇంట్లో అన్నదమ్ముల్లో చిన్నవాడే ముందు కోరుకోవాలి. అంటే బాబాయి! కొబ్బరితోటలో టూరిస్టులకు కాటేజీలు కట్టాలని కలలు కంటున్న నేను ఊరుకుంటానా?

పంపకాల ముందు రోజు టౌన్లోని గోల్ ఘర్‌లో బాబాయి దుకాణానికి పరుగెత్తాను.

"బాబాయ్, కొబ్బరితోట చెరువులో మొసలి దిగింది!"

"ఏటిరా, నువ్వే సూసావా?"

"కళ్లారా! పడవంత ఉంది. నా ముందే మేకను గుటుక్కున మింగింది!"

"హే భగవాన్!" అంటూ పిన్ని బియ్యం బస్తా మీద కూలబడింది.

చెప్తూ చెప్తూ నాకే చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి బకెట్లో చెయ్యి పెట్టడానికి కూడా జంకాను, నమ్మండి.

మర్నాడు షాదీపూర్‌లో మా ఇంట్లో, పెద్దల ముందు బాబాయి లేచాడు. కళ్లనిండా నీళ్లు.

"కొబ్బరితోట నేను తీసుకుంటాను."

టీ నా గొంతుకు అడ్డం పడింది. "అదేంటి బాబాయ్! మొసలి..."

"అందుకేరా! అన్నయ్యకి నువ్వొక్కడివే. నిన్ను మొసలికి అప్పజెప్పి నేను బతకాలా? తింటే నన్నే తిననీ. నువ్వు వక్కతోటలో సుకంగా ఉండు."

"దేవుడురా మీ బాబాయి! కాళ్లకు దండం పెట్టు," అన్నారు పెద్దలు. పెట్టాను. నిజం చెబితే తంతారు, చెప్పకపోతే తోట పోతుంది. తన్నుల భయమే గెలిచింది.

కొన్నాళ్లకు వక్కలు చూద్దామని పల్లంలోకి దిగానా, గట్టున పడున్న దుంగ నోరు తెరిచింది! కెవ్వున కేకేసి వక్కచెట్టెక్కాను. ఆ బక్క చెట్టు నాతో సహా వంగుతోంది, అదీ మొసలి వైపే! ప్రాణాలు అరచేతిలో, ఫోన్ రెండో చేతిలో.

"బాబాయ్! మొసలి! నా తోటలో!"

"నీకాడికి వచ్చేసిందా?" బాబాయి ఆనందం పట్టలేకపోయాడు. "ఒసే, ఇన్నావా! మన చెరువు ఖాళీ అయిపోయిందే! ఇంక భయం నేదు, రేపే పనోళ్లని దింపుదాం!"

అటవీశాఖ వాళ్లొచ్చి దింపేదాకా ఆ చెట్టునే కావలించుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఆస్తి పంపకాల్లో బల్లి పేరు కూడా ఎత్తను.