అమ్మ పేరున వేయించిన సిమెంటు

మా చిన్నప్పుడు... క్రిస్మస్ దగ్గరపడుతుందంటే మా పేటలో ఆడవాళ్ళ చేతులన్నీ బొబ్బలెక్కేవి. సున్నం వల్ల!

వేమూరు దగ్గర మా లూథరన్ గుడికి ఏటా సున్నం వేయాల్సిందే. మా తాతల తరం వాళ్ళు పగలంతా పొలాల్లో కూలికెళ్ళి, సాయంత్రాలు ఇటుకలు మోసి కట్టుకున్న గుడి అది. రెండు మూరల మందం గోడలు, పైన మొన తేలిన పొడవాటి కిటికీలు, ముందు గంట గోపురం... మండువేసవిలో కూడా లోపల చల్లగా ఉండేది.

తెనాలి నుంచి మస్తాన్ మేస్త్రి వచ్చేవాడు. ఆవరణలో ఎద్దుతో గానుగ తిప్పించి సున్నం, ఇసుక రుబ్బించేవాడు. అందులో బెల్లం నీళ్ళు పోసి, గోడ రాలిన చోట్ల మెత్తేవాడు. ఆ బెల్లం ముక్క కోసమే మేం చుట్టూ మూగేవాళ్ళం. ఆపైన ఆడవాళ్ళు గోడలకి వెల్ల వేసేవాళ్ళు; పెద్దగోడకి మాత్రం మా అమ్మే కుంచె పట్టేది. వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది...

"ఏంటన్నయ్యా, ఏటేటా ఈ బాధ? ఒక్కసారే సిమెంటు కొట్టేస్తే పోదా?" అంది ఒకసారి.

"వద్దు చెల్లెమ్మా! ఈ గోడ కింద నుంచి తేమ పీలుస్తది. సున్నమైతే బయటికి వదిలేస్తది. సిమెంటు దాని నోరు మూసేస్తది" అన్నాడు మస్తాన్ మామయ్య.

నేనక్కడే ఉన్నాను. బెల్లం చప్పరిస్తూ అంతా విన్నాను...

అమ్మ పోయాక, ఇంకే అమ్మ వేళ్ళూ పగలకూడదని నేనే పట్టుబట్టి ఆవిడ పేరున గోడలన్నిటికీ సిమెంటు వేయించాను. రాతిపలక మీద పేరు చెక్కించాను. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుంటే ఎంత మురిసిపోయానో!

మొన్న పెద్దగోడ ఉబ్బింది. ఇంజనీరు గారు సిమెంటు పెచ్చు ఊడదీస్తే లోపల ఇటుక పిండిలా రాలింది. "తేమ పోయే దారి లేదండి, లోపలే ఉండి తినేసింది. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరికితే ఈ గోడ విప్పి మళ్ళీ కట్టొచ్చు. లేదంటే గుడంతా కూల్చక తప్పదండి" అన్నారు.

సంఘపెద్దలు మేస్త్రి కోసం ఆదివారం దాకా ఆగుతామన్నారు, ఆ తర్వాత కూల్చడమే. మస్తాన్ మామయ్య ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకులు టైల్స్ పనిలోకి మళ్ళారు. బాపట్ల, రేపల్లె, చుండూరు అన్నీ తిరిగాను. "ఇప్పుడు సున్నం పని ఎవరు చేస్తారండీ!" అని నవ్వుతున్నారు. దేవుడా, నా చేతులతో నేనే చేశాను...

అమ్మ పేరున్న పలకని నిన్న నేనే తీసేశాను.

మీ చిన్నప్పుడు గానుగ సున్నం వేసిన మేస్త్రి ఎవరైనా ఇంకా ఉన్నారా అండీ? ఎంత ముసలివాడైనా సరే, కూర్చుని చెబితే చాలు. ఊరి పేరు కామెంట్లో రాయండి, నేనే వచ్చి కాళ్ళు పట్టుకుంటాను. బెల్లం నేనే తెస్తాను, కుంచె నేనే పడతాను... ఈసారి నా వేళ్ళు పగలనివ్వండి.