ఎర్రదా, పచ్చదా

సుమిత్ర తన జీవితంలో ఎక్కిన మోటార్ సైకిల్ ఒక్కటే, భర్త మహేందర్ పాత స్ప్లెండర్. అదీ వెనక సీటు మీద, ఒక పక్కకు కూర్చుని. అయినా కోరుట్లలో ఆమె ఉండే వాడకట్టులో ఎవరినైనా అడగండి, ఎర్ర డుకాటీ మంచిదా, పచ్చ కవాసాకి మంచిదా అని. నేరుగా ఆమె గుమ్మం ముందుకే పంపిస్తారు. నవ్వుకుంటూ పంపిస్తారు, అది వేరే సంగతి. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, ఎర్రదానికి బలం ఎక్కువ, పచ్చదానికి నిలకడ ఎక్కువ అని ఆవిడ తీర్పు చెబుతుంటే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? కానీ నవ్వేవాళ్లకు ఆ బండ్ల వెనక కథ తెలియదు.

మహేందర్ దుబాయి పోయేనాటికి కూతురు పూజ ఇంకా పాలు మరవలేదు. ఇప్పుడు ఆ పిల్ల జగిత్యాల గురుకులంలో, హాస్టల్లో ఉంటోంది. ఇంట్లో మిగిలింది సుమిత్ర, బీడీల చాట, ఫోను. తొలి రోజుల్లో ఫోను వస్తే మాటలు తెగేవి కావు. ఏళ్లు గడిచేకొద్దీ అవి అడుగంటాయి.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న. పూజ మాట్లాడిందా?"

"మాట్లాడింది."

"మంచిది. మరి ఉంట."

అంతే. మధ్యాహ్నం అతని తిండి వేళకు వచ్చే ఆ ఫోను కోసం పొద్దున్నుంచి ఎదురుచూడడం, తీరా వచ్చాక ఏం మాట్లాడాలో తోచకపోవడం, పెట్టేశాక ఏడుపు రావడం. మొగుడి మీద కోపం కాదు. కట్టుకున్నవాడితో మాట్లాడడానికి మాట దొరకని తన మీదే కోపం.

అట్లాంటి ఒక మధ్యాహ్నం వీడియో కాల్ చేశాడు. డబ్బున్నవాళ్ల బండ్లను కడిగి, తుడిచి, మెరిపించే షెడ్డులో అతని పని. "మరి ఉంట" అనబోతుంటే అతని వెనక రెండు బండ్లు కనబడ్డాయి. ఒకటి మిరపపండు రంగు, ఒకటి చిలక పచ్చ. ఫోను పెట్టేస్తాడేమోనన్న భయంతో నోటికొచ్చింది అడిగేసింది.

"గా రెండిట్ల ఏది మంచిది?"

మహేందర్ వెనక్కి తిరిగి చూశాడు. "ఎర్రదే" అన్నాడు.

ఔనంటే మాట అక్కడితో అయిపోతుంది. అందుకే సుమిత్ర, "నాకైతే పచ్చదే మంచిగ అనిపిస్తంది" అంది.

ఆ రోజు అతను అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడాడు. ఎర్రది ఇటలీదని, పచ్చది జపాన్‌దని, ఎర్రదాని ఇంజన్ పెద్దదని, బరువు మాత్రం తక్కువని. మర్నాటికి సుమిత్ర యూట్యూబులో వెతికి జవాబు సిద్ధం చేసుకుంది. ఎర్రదాని ధరలో పచ్చవి ఒకటిన్నర వస్తాయని, వంపుల్లో పచ్చది గీత గీసినట్టు పోతుందని. అతను షెడ్డులోనే ఉండే ఆ రెండు బండ్లూ స్టార్ట్ చేసి వినిపించాడు. ఎర్రది రైస్ మిల్లు మొదలైనట్టు దడదడలాడింది. పచ్చది పిండిగిర్నిలా మొదట సన్నగా పాడి, ఆపైన గొంతెత్తి అరిచింది. కొన్నాళ్లకు కళ్లు మూసుకున్నా ఏది ఏదో చెప్పగలిగింది.

పక్కింటి సత్తవ్వ ఊరుకుంటుందా? "ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఎవల బండ్లకో మీకెందుకే పంచాయితి?" అనేది. సుమిత్ర నవ్వేది. ఆ పంచాయితి తెగకూడదన్నదే ఆమె మొక్కు.

నిరుడు ఎండాకాలం మహేందర్ సెలవు మీద వచ్చాడు. సుమిత్ర ఇక పండగే అనుకుంది. కానీ మనిషి ఎదురుగా ఉంటే మాట ఇంకా దూరమైంది. తిన్నాడు, పడుకున్నాడు, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూశాడు. ఒకసారి ఆమే కదిపింది, "ఇప్పుడన్న ఒప్పుకో, పచ్చదే మంచిదని."

"ఉండనియ్యి గా ముచ్చట" అని లోపలికి పోయాడు. ఏం తప్పు మాట్లాడిందో ఆమెకు తెలియలేదు. ఒకే కప్పు కింద మొగుడుండగా ఒంటరితనం ఏమిటో ఆ నెలలో తెలిసింది.

సిరిసిల్లలో ఆడబిడ్డ జ్యోతి వాళ్ల గృహప్రవేశం. పాత స్ప్లెండర్ మీద బయల్దేరి, వేములవాడ దాటాక చాయ్ కోసం ఆగారు. అప్పుడొచ్చాయి, హైదరాబాద్ నంబర్లతో, ఒకదాని వెనక ఒకటి. ఎర్రది, పచ్చది. నిజంగా, కళ్లెదుట.

సుమిత్ర చిన్నపిల్లలా అతని చెయ్యి పట్టుకుంది. "అగో, సూడు! నీది, నాది!"

మహేందర్ చెయ్యి విడిపించుకుని, బండ్లకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఏందయ్యా, గట్లున్నవ్?"

"పొద్దుగాల లేస్తే గవే. రాత్రి కండ్లు మూస్తే గవే. ఇంకొకని బండి తుడుసుడే బతుకాయె" అని అరచేతులు చాపాడు. బండ్లు కడిగే మందునీళ్లకు తోలు పొరలు పొరలుగా లేచి, గీతలన్నీ పగిలి ఉన్నాయి. నెల రోజులుగా ఆ చేతులకు అన్నం వడ్డించింది, ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. "నీకిష్టమని చెప్పిన గని, నాకు గవాటి మొకం సూడబుద్ధి గాదు."

"నాకు ఇష్టమా?" అంది సుమిత్ర. "నీకిష్టమని గదా నేనడిగింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లూ ఒకరి కోసం ఒకరు మోసిన మూట, తీరా దించి చూస్తే ఇద్దరిదీ కాదు. నవ్వాల్సిన సంగతే. ఇద్దరికీ నవ్వు రాలేదు. చాయ్ తాగి, సిరిసిల్ల దాకా మాట లేకుండా పోయారు.

సెలవు అయిపోయి అతను వెళ్లిపోయాడు. ఫోను మళ్లీ మధ్యాహ్నాలు మోగింది. తిన్నవా, తిన్న, మరి ఉంట. బండ్ల మాట ఎత్తాలంటే ఇద్దరికీ మొహమాటం. ఉన్న ఒక్క దారిని చేజేతులా మూసుకున్నామని సుమిత్ర కుమిలిపోయింది. సత్తవ్వ కూడా పంచాయితి ఊసెత్తడం మానేసింది, అది ఇంకా బాధ.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, తిన్నవా తిన్న అయ్యాక, ఇక పెట్టేస్తాడు అనుకుంది. అంతలో ఒక ఇంజన్ స్టార్ట్ అయింది. సన్నగా పాడి, గొంతెత్తి అరిచింది.

"గిది ఏదో చెప్పు" అన్నాడు మహేందర్.

మొకం చూడబుద్ధి కాని బండిని, తన కోసం, పగిలిన చేత్తో స్టార్ట్ చేశాడు. సుమిత్రకు దుఃఖం పొంగుకొచ్చింది. పచ్చదని చెబితే పాత పంచాయితి మళ్లీ మొదలవుతుంది, రోజు గడుస్తుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"గది బందు చెయ్యి" అంది. "నీ చేతులెట్లున్నయ్?"

ఇంజన్ ఆగింది. షెడ్డులో ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక, నీళ్ల పైపు చప్పుడు వినబడ్డాయి.

"మండుతున్నయ్, సుమిత్రా" అన్నాడు చివరికి.

చాటలో బీడీలు చుట్టే తునికాకు ఎండిపోతోంది. ఆమె ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. తర్వాత ఇద్దరూ పెద్దగా ఏం మాట్లాడలేదు. కానీ "మరి ఉంట" అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.