సిర్కా గదిల పెళ్ళిచూపులు

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగాల యాదికొచ్చేది నా గొంతే. మస్కట్‌ల సెల్‌ఫోన్లు కొత్తగ వచ్చినప్పుడు మా మోటర్ల కంపెనీల అందరికన్న ముందు కొన్నది నేను. ఇటుక లెక్క ఉండేది, అయినా చేతుల కెల్లి దించకపోయేది (అన్నం తినేటప్పుడు సుత ఎడమచేతుల అదే). పుట్టి పెరిగింది చిక్కడపల్లి, బస్సుల మోతల మాట్లాడి మాట్లాడి గొంతు అట్లనే సెటిలైంది. దానికి తోడు కోపం. మస్కట్ పక్కన అజైబాల మా రూమ్‌ల నేను ఫోన్ ఎత్తితే మా డ్రైవర్ కడప భాయ్, "ఫోన్ ఎందుకప్పా నీకు, కిటికీ తెరిచి అరువు, హైదరాబాద్‌కు వినపడతాది" అనేటోడు. ఉత్త నవ్వులాట కాదు, ఆ గొంతుతోటే ఒక సంబంధం పోయింది. లైన్ సరిగ లేక "హలో! ఏం మాట్లాడుతున్నరు మీరు!" అని ఒర్రిన. ఆ పిల్ల "ఈయన మాట్లాడుతుండా, కొట్లాడుతుండా" అని ఫోన్ వాళ్ళమ్మ చేతుల పెట్టి పోయింది.

తర్వాత వచ్చింది వరంగల్ సంబంధం. ఫొటో చూసిన కాంచి నేను డ్యూటీల ఉన్ననో, మబ్బుల ఉన్ననో నాకే తెల్వదు. ఆ పిల్ల షరతొక్కటే: "ఫొటోల అందరు మంచిగనే ఉంటరు, ఒక్కసారి మాట్లాడినంకనే చెప్త." శుక్రవారం పొద్దుగూకక ముందు ఎస్టీడీ బూత్ కెల్లి తనే చేస్తదని ఊర్ల ఉన్న మా అక్క చెప్పింది. సరిగ్గ ఆ ముందురోజే కంపెనీ నన్నూ కడప భాయ్‌నీ జబల్ అఖ్దర్ గుట్ట మీదికి తోలింది, ఒక ద్రాక్షతోటల నీళ్ల మోటర్ బాగుచేయనీకి. మోటర్ బాగైంది, మా జీపు చెడింది. శుక్రవారం మధ్యాహ్నానికి నేను ఆ గుట్ట మీదనే ఉన్న, ఫోన్‌ల సిగ్నల్ సున్న.

కింద ఒమన్ అంత పెనం లెక్క కాలుతుంటే, పైన చల్లగ, తడితడిగ ఇంకో లోకం. మెట్లు మెట్లుగ చెక్కిన మడులు, వాటి మీద పందిళ్ళు, పందిళ్ళకు చిన్న చిన్న నల్ల ద్రాక్షగుత్తులు. ఆ గుట్ట మీద పుట్టిన జాతంట, బజార్ల కనబడదు. తోట ఓ తాతది, కొడుకులు కోస్తరు, కోడండ్లు పిసుకుతరు, రసం కాగులల్ల పోసి పులియబెట్టేది ముసలమ్మ. "పులియబెడతారంట" అని అరబ్బీ వచ్చిన కడప భాయ్ చెప్పంగనే నాకు ప్రాణం లేచొచ్చింది (చిక్కడపల్లోణ్ణి, ఏం అనుకున్ననో మీకు చెప్పాల్నా?). తాత నా మొహం చూసి రెండు చేతులు అడ్డం ఊపి "సిర్కా! సిర్కా!" అన్నడు. వెనిగర్ అన్నట్టు.

ఫోన్ పైకెత్తుకొని తోటంత తిరిగిన. ఆఖరికి సిగ్నల్ ఒక్క గీత దొరికింది, యాడ? ఆ కాగుల గదిల, లోయ దిక్కు కిటికీ కాడ. "హలో" అని ట్రై చేసిన్నో లేదో, ముసలమ్మ ఉరికొచ్చి పెదాల మీద వేలు పెట్టింది. కడప భాయ్ ఆమె మాటలు చెప్పిండు: "ఈడ గొంతు లేపకూడదంట. రసం నిద్రపోతాండాదంట, ఎవరన్నా అరిస్తే ఉలిక్కిపడి చెడిపోతాదంట. నీకు బయటే మంచిదప్పా." నేను నవ్వలే. మా నానమ్మ ఆవకాయ జాడీ కాడ తుమ్మినా ఊరుకోకపోయేది. ఏడాది పంట ఆ కాగులల్ల ఉంది, నా పెండ్లి ఈ కిటికీల ఉంది. "మెల్లగ మాట్లాడుతనని చెప్పు భాయ్" అని బతిమిలాడిన. కడప భాయ్ నా దిక్కు జాలిగ చూసి చెప్పిండు.

ఫోన్ మోగింది. ముసలమ్మ దగ్గర్లున్న కాగును పసిపిల్లను జోకొట్టినట్టు జోకొట్టింది.

"హలో," అన్న, ఊపిరితోటి.

"ఎందుకంత మెల్లగ మాట్లాడుతున్నరు? పక్కన ఎవరన్న ఉన్నరా?"

"ద్రాక్షలున్నయి. నిద్రపోతున్నయి. లేపొద్దన్నరు."

నా పని అయిపోయిందనుకున్న. అంతల నవ్వింది. ఆ నవ్వు సముద్రం దాటొచ్చి ఆ చీకటి గదిల కాగుల నడుమ తిరిగినట్టనిపించింది. "ఇంకేమున్నయి అక్కడ?" అనడిగింది. నాకు మాటలు యాడికెల్లి వచ్చినయో తెల్వదు. కిటికీల కెల్లి మబ్బు లోపలికొస్తుందని చెప్పిన, నా చెయ్యి నాకే కనబడతలేదని చెప్పిన, పందిళ్ళ కింద నీళ్లు పారే సప్పుడు వినమని ఫోన్ బయటికి పెట్టిన.

"మీకు కోపం ఎక్కువంట కదా?" అంది.

ఫోన్ల మాట పక్కకు సుత వినబడ్డది, కడప భాయ్ నవ్వు ఆగక తలకు కట్టుకున్న రుమాలు నోట్ల కుక్కుకొని బయటికి ఉరికిండు.

"ఎవరన్నరు?"

"మీ అక్కనే."

అక్కనా! గొంతు కడుపుల కెల్లి లేచింది. ముసలమ్మ వేలు కూడ లేచింది. మింగిన. "అక్క సరదాగ అంటది," అన్న, ఈక పడ్డట్టు. ఆమె ఏదో అనబోయింది, లైన్ కట్టయింది. ఇంకో దినమైతే ఫోన్ గోడకు కొట్టెటోణ్ణి. ఆ దినం కాగుల పక్కన ఊకనే కూసున్న, లోపల బుడగలు మెల్లగ పలుకుతుంటే వినుకుంట.

మర్నాడు జీపు బాగై కిందికి దిగినంక అక్క ఫోన్: "ఏం మాయ చేసినవ్‌రా? ఇంత మెత్తగ మాట్లాడే మనిషిని చూడలేదంట. ఒప్పుకుంది!" నేను కొట్టిన కేకకు కడప భాయ్ బ్రేకేసిండు.

పెండ్లైన వారానికే ఆమెకు నా అసలు గొంతు వినబడింది, కూరగాయలాయనతోటి బేరమాడుతుంటే. నన్ను కొత్తగ చూసినట్టు చూసి లోపలికి పోయింది. ఇప్పటికీ నేను ఫోన్‌ల ఎవరి మీదన్న ఎగురుతుంటే పక్కకొచ్చి, "ఆ గుట్ట మీద మాట్లాడినాయనకు ఒకసారి ఇయ్యరాదు ఫోన్, మాట్లాడి చాన రోజులాయె" అంటది. నాకు సుత ఆయన్ని కలవాలనే ఉంటది. ఒక్క సాయంత్రమే వచ్చి పోయిండు పాపం, మంచి మనిషి.