బొగ్గు లైను మీద వంట

ఈ సాయంత్రం ఏడుస్తున్న నా పాప దగ్గరికి పరుగెత్తి వెళ్లొచ్చేసరికి పొయ్యి మీద కిచిడీ మాడిపోయింది. ఆ వాసనకు చిన్నప్పటి డోర్నకల్ గుర్తొచ్చింది.

అక్కడి నుంచి చీలిపోయే బొగ్గు లైను నిజాం కాలం నాటిది. మా నాయిన దాని మీద కీమ్యాన్. సుత్తి పట్టుకుని, పట్టాలు చూసుకుంటూ రోజూ నడిచేవాడు. తెలంగాణ కోసం రైళ్లు ఆపిన రోజు, అమ్మా మా వాడకట్టు ఆడవాళ్లూ ఆ పట్టాల మధ్యే రాళ్లు పేర్చి కిచిడీ వండారు. "రైలు మీదికొచ్చినా లేవం" అని అమ్మ అందరికంటే గట్టిగా అంది.

ఆ మాటకు భయమేసి, నాయిన నేర్పినట్టు పట్టాకు చెవి ఆనించాను. లోపల సన్నగా మోత.

"అమ్మా, రైలొస్తున్నది!"

అమ్మ గరిటె పారేసి, నన్ను ఎత్తుకుని కట్ట కిందికి దూకింది. ఆమె గుండె నా చెవిలో దడదడ కొట్టుకుంది. మలుపు తిరిగి వచ్చింది రైలు కాదు, సుత్తితో పట్టాను కొట్టుకుంటూ నాయిన.

"లేవనంటివి, గిందరి కన్న ముందుగాల ఉరికినవ్ గదనే!" అని పక్కింటి ఎల్లవ్వ పడీపడీ నవ్వింది.

అమ్మ నవ్వలేదు. "దీన్ని ఇంటికి తీస్కపో" అని నన్ను నాయినకు అందించింది.

"నువ్వు గూడ రారాదు?"

"నేను రాను."

కిచిడీ మాడిందనే కోపంతో నన్ను తరిమేసిందని దారంతా ఏడ్చాను. నన్ను పంపించాకే ఆమె ఆ పట్టా మీద కదలకుండా కూర్చోగలిగిందని ఇప్పుడు తెలుస్తోంది.