చిటికెడు చమ్కీ

నా చిన్నప్పటి ఈ సంగతి చెప్పేముందు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఉన్నదానికి కొంచెం కలిపి చెబుతాను. కొంచెం అంటే మా ఇంట్లోవాళ్ల లెక్కలో గంపెడు. కల్పించిందేదో చివర నేనే చెప్పేస్తాను.

కరోనా వచ్చి సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలన్నీ ఆగిపోయిన రోజులవి. ఆ ఊరి పక్క జోల్వాలో మగ్గాల చప్పుడునే జోలపాటగా విని పెరిగినవాణ్ని. అది ఆగేసరికి గోడమీద బల్లి దగ్గినా ఉలిక్కిపడి లేచేవాణ్ని. మా వీధిలో సగం మంది తెలంగాణ దారి పట్టారు. మా మూటలూ గుమ్మం దగ్గరే ఉన్నాయి. వాటిని విప్పడమా, ఎత్తడమా అన్నది ఒక పలక మీద ఆధారపడి ఉంది.

మా చిన్నాయన కామ్‌రేజ్‌లో ఫైబర్ ట్యాంకులు, తలుపులు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. అది మూతపడ్డా సేఠ్ ఒక్క పని ఇంటికి పంపాడు. అడాజన్‌లో ఒక కుర్రవాడికి అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ పలక కావాలట. చెక్కిన ఫోమ్ మీద గాజునార గుడ్డ పరిచి, రెసిన్ పోసి, తళతళా మెరిపించాలి. సేఠ్‌కు నచ్చితే కార్ఖానా తెరిచాక చిన్నాయనకు పని ఉంటుంది. నచ్చకపోతే మూటలు ఎత్తడమే.

మెరుపుకు మా ఇంట్లో కొదవా! చీరలకు జిగురుతో చమ్కీ అద్దే మా నాయనమ్మ దగ్గర సూరత్ మొత్తాన్ని పెళ్లికూతుర్ని చేసేంత సరుకు ఉంది. ఆమె కొంగు దోపి, బంగారు రంగుది గుప్పెడు తీసి, చిన్నాయనను పక్కకు నెట్టింది.

"జర జరుగు బిడ్డా. పెండ్లయినకాడి నుంచి గిదే పని, నాకు చెప్తవా?"

"ఇంకో గుప్పెడు పొయ్యి నాయనమ్మా!" అని నేను ఎగదోశాను.

చిన్నాయన వద్దనలేదు. అదే ఆయన చమత్కారం. తలా ఒక చాయ్ కప్పులో రెసిన్ పోసి, గట్టిపడే మందు చుక్కలు కలిపాడు. "ముందుగాల గీ కప్పుల పోస్కోండ్రి. ఎవలది మంచిగ మెరుస్తె పలక మీద గదే" అన్నాడు. నాయనమ్మ బంగారం పోసింది. నేను వెండి చమ్కీని చెంచా నిలబడేంత కుక్కాను. ఆయన వెండిదే ఒక్క చిటికెడు వేసి ఊరుకున్నాడు.

మధ్యాహ్నానికి కప్పుల్లో రెసిన్ గట్టిపడింది. నాయనమ్మ చమ్కీ రంగంతా కారి, కప్పుకు కామెర్లు వచ్చినట్టుంది. నాది బూడిద ముద్ద. చిన్నాయన కప్పులో మాత్రం రేకుకూ రేకుకూ మధ్య వెలుతురు దూరి, తాపీ నది నీళ్ల మీద ఎండలా ఆడుతోంది.

"గిదేందిరా, నా బంగారమంత నీళ్లయ్యె!"

"చీర జిగురుల నిలుస్తదే అవ్వా, రెసిన్ల ఆ రంగు నిలువది" అని నా వైపు తిరిగాడు. "నీ కప్పుల చమ్కీకి ఊపిరాడుతలేదురా!"

తర్వాత పలక మీది తడి రెసిన్‌పై వెండి చమ్కీని నాయనమ్మ చేతనే చల్లించాడు. ఆ చేతి ఒడుపు ఆమెదే. చల్లడం కాగానే అలవాటుకొద్దీ అంచు పట్టుకుని దులపబోయింది. "అవ్వా! చీర గాదే అది!" అన్న అరుపు కామ్‌రేజ్ దాకా వినిపించి ఉంటుంది.

అది ఆరాక, మీద ఒట్టి రెసిన్ ఇంకో పూత పోశాడు. మెరుస్తోంది కదా, మళ్లీ ఎందుకన్నాను. "నున్నగ రుద్దాలె గదరా. ఇప్పుడే రుద్దితె చమ్కీ లేస్తది. పైపూత ఉంటె దాన్నే రుద్దుత."

సేఠ్ వచ్చి పలక మీద కప్పిన పట్టా తీయగానే కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకున్నాడు. తాపీ అవతల అడాజన్‌లో జనం రెండో సూర్యుడు పొడిచాడని మేడలెక్కారు. మా కోడి మిట్టమధ్యాహ్నం కూసింది.

ఇప్పుడు నేను కథలు రాస్తున్నాను. రాసే ప్రతిదాంట్లో చమ్కీ చల్లడమే నా పని. చల్లేముందు, రేకుల మధ్య వెలుతురుకు చోటుందా అని ఆ కప్పు గుర్తు చేసుకుంటాను. ఈ పూట కాస్త ఎక్కువే పడింది.

సేఠ్ గోడ పట్టుకోలేదు. జనం మేడలెక్కలేదు. మాకసలు కోడే లేదు. ఆయన మాస్కు సర్దుకుని, పలక అంచు వెంట బొటనవేలు ఒకసారి జరిపి, గుజరాతీలో "చాల్శే" అన్నాడు. పనికొస్తుంది అని. నాయనమ్మ గుమ్మం దగ్గర కూర్చుని మూటలు విప్పింది.

సేఠ్ అన్న ఆ ఒక్క మాట మీద మాత్రం ఇప్పటిదాకా నేను చిటికెడు కూడా చల్లలేదు.